మరాగే నుంచి సుల్తానియే దాకా: ఇల్‌ఖానుల జాడల్లో

ఇరాన్‌ను ఏలిన మంగోలు వంశం ఇల్‌ఖానుల చరిత్రను కట్టడాల వరసలో చూడాలంటే తబ్రీజ్‌లో మకాం పెట్టడం మేలు. మేం అక్కడ దిగి, ముందు దక్షిణాన సుమారు 130 కిలోమీటర్ల దూరంలోని మరాగే చూసొచ్చాం. తబ్రీజ్ చూసుకుని ఆఖర్న సుల్తానియే వెళ్లాం. మన కార్డులేవీ ఇరాన్‌లో పనిచేయవు కాబట్టి డాలర్లో యూరోలో చేతిలో ఉండాలి. నోటు మీద ఉండేది రియాళ్లు, నోటితో చెప్పేది తోమాన్లు. పది రియాళ్లు ఒక తోమాన్. టాక్సీ ఎక్కేముందే ఏ లెక్కలో చెబుతున్నారో అడగకపోతే దిగేటప్పుడు గొడవే.

చెంగిజ్‌ఖాన్ మనవడు, ఈ వంశ మూలపురుషుడు హులగు 1256లో ఉత్తర ఇరాన్‌లోని అలమూత్ కోటను లొంగదీసుకుని, 1258లో బాగ్దాద్‌ను నేలమట్టం చేశాడు. ఆ మరుసటి ఏడాదే మరాగేలో ఖగోళ శాస్త్రజ్ఞుడు నసీరుద్దీన్ తూసీ చేత వేధశాల మొదలుపెట్టించాడు. ఊరి పడమటి గుట్ట మీద పునాదులే మిగిలాయి, వాటిమీద రక్షణకు తెల్లటి గుమ్మటం కప్పారు. ఊళ్లోని గుంబదె కబూద్ అనే సమాధి గోపురాన్ని హులగు తల్లి సమాధి అని చెబుతుంటారు, నమ్మకండి. అది 1197 నాటిది, అప్పటికి హులగు పుట్టనేలేదు.

తబ్రీజ్ బజారులో తిరుగుతుంటే 1294 గుర్తుకు రాక మానదు. ఖజానా ఖాళీ అయిన అప్పటి ఇల్‌ఖాను గైఖాతు, చైనా పద్ధతిలో కాగితపు డబ్బు అచ్చువేయించి, తీసుకోనివాడికి మరణశిక్ష అన్నాడు. వర్తకులు దుకాణాలు మూసేశారు, ఊళ్లో తిండి దొరకలేదు. రెండు నెలలకే నోట్లు రద్దు చేయాల్సి వచ్చింది. నోటు వెనక వెండి లేదు, పాలకుడి మీద నమ్మకమూ లేదు. మరుసటి ఏడు గైఖాతునే చంపేశారు. తర్వాత గద్దెనెక్కిన గజాన్ ఇస్లాం పుచ్చుకుని, మంత్రి రషీదుద్దీన్‌తో కలిసి పన్నులు, నాణేలు, తూకాలు చక్కబెట్టాడు. చైనాను ఏలుతున్న కుబ్లయ్ పంపిన రాకుమారి కొకాచిన్ పెళ్లాడింది ఈ గజాన్‌నే. ఆమె వెంట వచ్చిన బృందంలో మార్కోపోలో ఉన్నాడు, మన మోటుపల్లి గురించి రాసిన మార్కోపోలోనే.

సుల్తానియే జంజాన్ పట్టణానికి ఆగ్నేయాన నలభై కిలోమీటర్ల లోపే. జంజాన్ నుంచి షేర్ టాక్సీలు దొరుకుతాయి, సాయంత్రమైతే పలచబడతాయి. ఎత్తు 1,800 మీటర్ల పైచిలుకు. ఎండాకాలంలోనూ గాలి చలిగానే కొడుతుంది. ఇక్కడ చూడాల్సింది గజాన్ తమ్ముడు, అతని తర్వాత ఏలిన ఒల్జైతు సమాధి, 1312 నాటికి పూర్తయింది. అష్టకోణపు గోడల మీద దాదాపు 50 మీటర్ల ఎత్తున నీలి గుమ్మటం, చుట్టూ ఎనిమిది మినార్లు. గుమ్మటం ఒకటి కాదు: లోపలొకటి, బయటొకటి, నడుమ ఇటుక పక్కటెముకలు. అందువల్లే పాతిక మీటర్ల వెడల్పును బయటి ఆనింపు గోడలు లేకుండా మోయగలిగింది. చాలామంది కింది అంతస్తు చూసి, ఏళ్లుగా కదలని పరంజాను తిట్టుకుని వెళ్లిపోతారు. ఇరుకు మెట్లెక్కి పై వసారాలకు వెళ్లాలి. అసలు పనితనం అక్కడి కప్పుల మీది రంగుల సున్నపు నగిషీలో ఉంది. లోపలి గోడలకు ముందు పలకలు అతికి, మళ్లీ వాటిమీదే సున్నం పూసి రంగులు వేశారు. పూత రాలినచోట రెండూ కనిపిస్తాయి.

ఇది క్షీణిస్తున్న వంశం కట్టినదిలా కనిపించదు, నిజానికి క్షీణించలేదు కూడా. కుళ్లు వారసత్వంలో ఉంది. ఎవరు గద్దెనెక్కినా పోటీకొచ్చే దాయాదులను చంపించడం ఆనవాయితీ అయింది. 1318లో రషీదుద్దీన్ తలా తెగింది. 1335లో ఒల్జైతు కొడుకు అబూ సయీద్ మగబిడ్డ లేకుండా చనిపోయేసరికి అందరూ ఒప్పుకునే వారసుడే మిగల్లేదు. చోబానీలు, జలాయిరీలు అనే రెండు మంగోలు సర్దార్ల కుటుంబాలు చెరొక ఖాన్‌ను కీలుబొమ్మలుగా నిలబెట్టి కొట్టుకున్నారు. సమాధి పూర్తయిన పాతికేళ్లలోపే రాజ్యం ముక్కలైంది. ఆ తర్వాత ఆ ముక్కలను తైమూర్ ఏరుకున్నాడు.