అమ్మ అడిగిన నిచ్చెన

మోకాళ్ల నొప్పులు మొదలైనప్పటి నుంచీ అమ్మకి ఏ బండికైనా ఒకటే కొలత: కాలు ఎంత ఎత్తాలి?

నాన్న కావలి రోడ్డులో మహీంద్రా కమాండర్ తోలిన రోజుల్లో ఈ బాధ లేదు. వెనక ఇనప మెట్టు మీద కాలేసి, పైన కడ్డీ పట్టుకుని, కుచ్చిళ్లు ఓ చేత్తో ఎత్తిపట్టి ఎక్కేసేది. పది మంది పట్టే జీపులో పదిహేడు మంది, ఎదురెదురుగా మోకాళ్లు తగులుతూ. ఎస్‌యూవీ అంటే నాకు ఇప్పటికీ అదే, పొగాకు వాసనతో సహా.

చెన్నై వేలచేరిలో ఉండేవాడికి ఎత్తైన బండి మోజు కాదు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫానుకి పక్కింటాయన కారు డాష్‌బోర్డు దాకా మునిగింది. అందుకే మరుసటేడు కారు కొందామనుకున్నప్పుడు మనసు మహీంద్రా స్కార్పియో-ఎన్ మీదికి పోయింది. 2002లో మొదటి స్కార్పియో వచ్చినప్పుడు నేను ఇంటర్. మా ఊరి కాంట్రాక్టర్ కొన్న నల్ల బండి చుట్టూ మూడుసార్లు తిరిగాను.

షోరూంలో అమ్మ డోర్ దగ్గర నిలబడి లోపలికి చూసి, "నిచ్చెన తెచ్చావా నాయనా?" అంది.

సేల్స్ అబ్బాయి నవ్వాడు గానీ, నిచ్చెన బండి కిందే ఉంది. పాత జీపు, బొలెరో, స్కార్పియో, థార్, అన్నిటికీ అడుగున రెండు పొడుగాటి ఉక్కు దూలాలు, మధ్యలో అడ్డ కమ్ములు. పేరు కూడా ల్యాడర్ ఫ్రేమే. బాడీని విడిగా తెచ్చి దాని మీద బిగిస్తారు, అందుకే ఫ్లోర్ అంత ఎత్తున ఉంటుంది. గుంతల దెబ్బలు ఫ్రేమ్ తింటుంది. నాన్న జీపు బాడీకి చిల్లులు పడ్డా చాసిస్ మాత్రం నిక్షేపంగా ఉండేది.

2011లో ఎక్స్‌యూవీ500తో మహీంద్రా ఇంకో దారి పట్టింది. అది మోనోకాక్: విడి ఫ్రేమ్ లేదు, బాడీయే బరువు మోస్తుంది. మరుసటేడు చెంగల్పట్టు దగ్గర తమ పరిశోధన కేంద్రం, రీసెర్చ్ వ్యాలీ, తెరిచారు. ఎక్స్‌యూవీ700, స్కార్పియో-ఎన్ ఇంజనీరింగ్ అక్కడే జరిగింది. అంటే అమ్మకి అడ్డం పడ్డ ఆ ఎత్తు, మా ఇంటికి గంట దూరంలో ఎవరో లెక్కగట్టిందే!

2020 నాటి థార్ ఆమెకి చూపించనే లేదు. ముందు సీటు వంచి వెనక్కి దూరాలి. 2024 ఆగస్టులో ఐదు డోర్ల థార్ రాక్స్ వచ్చింది గానీ, నిచ్చెన నిచ్చెనే.

చివరికి కొన్నది కింద నిచ్చెన లేని ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ. 2019లో వచ్చిన ఎక్స్‌యూవీ300కి కొత్త మొహం, దాని మూలం కొరియా శాంగ్‌యాంగ్ వాళ్ల టివోలీ. దాన్ని ఎస్‌యూవీ అనడానికి నాకు నోరు రాలేదు. అమ్మ మాత్రం ముందు సీట్లో కూర్చుని, తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకుంది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. ఇక నేను మాట్లాడలేదు.

అక్టోబర్ వానకే వేలచేరి ఫ్లైఓవర్ మీద వరసగా కార్లు. మాదీ అక్కడ పెట్టి, తడుస్తూ నడిచొచ్చాను. అమ్మ తువ్వాలు ఇస్తూ అంది: "నేను ఎక్కలేనని పొట్టిది కొన్నావు. ఇప్పుడు దాన్ని వంతెన ఎక్కించావా?"