ముందు క్రియను పట్టుకో

అమెరికాలో హైస్కూల్ మొదలుపెట్టిన పిల్లలున్న ఇళ్ళలో ఏదో ఒక నెలలో షేక్స్‌పియర్ నాటకం రోమియో అండ్ జూలియట్ చదువు మొదలవుతుంది. ఇంగ్లీషులో పిల్లలు మనకంటే ముందున్నారు, ఇక మనం చేసే సాయం ఏముంటుందని చాలామంది తల్లిదండ్రులు పక్కకు తప్పుకుంటారు. తప్పుకోవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. పాత మాటలకు అర్థాలు పుస్తకంలోనే పేజీ పక్కన ఉంటాయి. పిల్లల్ని నిజంగా ఆపేసేది మాటల వరస. ఆ వరసను విప్పే పద్ధతి మనలో తెలుగు చదువుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. మాస్టారు పద్యం చదివించి, మాటల్ని మామూలు వాక్యంలా పేర్చమని "అన్వయం చెప్పు" అనేవారు చూడండి, అదే.

మా అమ్మాయి ఆగింది అందరికీ తెలిసిన చోటే. 'బట్ సాఫ్ట్, వాట్ లైట్ త్రూ యాండర్ విండో బ్రేక్స్?'

"అమ్మా, కిటికీ పగిలిందా?"

విండో పక్కనే బ్రేక్స్ ఉంది కాబట్టి ఆ రెంటినీ కలిపి చదివింది. ఇంగ్లీషులో పెరిగిన చెవి అలాగే కలుపుతుంది, కర్త వెంటనే క్రియ రావాలని దాని అలవాటు. బడిలో మాకు నేర్పినట్టే అడిగాను. క్రియ ఏది? బ్రేక్స్. ఏది బ్రేక్స్? కాసేపు చూసి, "లైట్" అంది. ఎక్కడి నుంచి? త్రూ యాండర్ విండో. ఇప్పుడు తెలుగులో చెప్పమన్నాను. "ఏ వెలుగు ఆ కిటికీలోంచి పొడుస్తోంది?" ముందు వెలుగు, తర్వాత కిటికీ, చివర క్రియ. వాక్యాన్ని ఎక్కడా కదపాల్సిన పని లేకపోయింది. "ఇది తెలుగులా ఉందే!" అని అది అన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఇక్కడి చర్చి పెళ్ళిళ్ళలో, సినిమాల్లో పిల్లలు వినే 'విత్ దిస్ రింగ్ ఐ దీ వెడ్' అన్న మాట 1549 నాటి ఇంగ్లండ్ ప్రార్థనా పుస్తకంలోది. ఈ ఉంగరంతో, నేను, నిన్ను, పెళ్ళాడుతున్నాను. క్రియ చివరికే వచ్చింది.

ఒకప్పుడు కుదిరిన వరస ఇప్పుడెందుకు వింతగా ఉందని పిల్లలు అడుగుతారు. అడగకపోయినా చెప్పాలి, ఎందుకంటే మన భాష తెలిసిన పిల్లలకు ఇది చిటికెలో అర్థమవుతుంది. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషుకు కూడా విభక్తులుండేవి. ఇప్పుడు అన్నిచోట్లా 'ద' అని ఒక్కటే వాడుతున్నారు గానీ, అప్పుడు పుంలింగంలో కర్తకు 'సే', కర్మకు 'థొనె' అని వేర్వేరు రూపాలు. ఎవరు ఎవర్ని కొట్టారో ఆ రూపాలే చెప్పేవి కాబట్టి మాటలు కొంత స్వేచ్ఛగా తిరిగేవి. కాలం గడిచేకొద్దీ పదాల చివరి శబ్దాలు బలహీనపడి, ఆ తేడాలు చాలావరకు చెరిగిపోయాయి. ఇక పని అంతా వరస మీద పడింది. అందుకే కర్త, క్రియ, కర్మ అన్న క్రమం ఇంగ్లీషులో అంత గట్టిగా బిగిసింది. హీ, హిమ్ లాంటి సర్వనామాల్లో మాత్రం ఆ తేడా మిగిలింది.

మన దగ్గర 'రాముడు రావణుణ్ణి చంపాడు' అన్న మూడు మాటల్నీ ఆరు రకాలుగా మార్చి చెప్పొచ్చు. ఎలా చెప్పినా చచ్చేది రావణుడే. భోజనాల దగ్గర పిల్లలతో ఆ ఆరూ చెప్పించండి. వెంటనే ఇంగ్లీషులో రామా కిల్డ్ రావణా అన్నదాన్ని అలాగే తిప్పమనండి. తేడా వాళ్ళే పట్టుకుంటారు.

దీనివల్ల పిల్లల తెలుగు విషయంలో కూడా నాకొక అభిప్రాయం ఏర్పడింది. ఇక్కడి పిల్లలు "నాకు కావాలి నీళ్ళు", "మేము వెళ్ళాం గుడికి" అంటుంటారు. ఇంగ్లీషు వరస అది. వీడియో కాల్‌లో తాతయ్యలు, అమ్మమ్మలు నవ్వితే పిల్లలు ముడుచుకుపోతారు. ఆ వరసను సరిదిద్దుతూ కూర్చోవద్దనే నేనంటాను. మనమూ మాటల్లో "వచ్చాడా మీ నాన్న?" అంటూనే ఉంటాం. పట్టుకోవాల్సింది విభక్తిని. "అన్న కొట్టాడు తమ్ముడు" అంటే ఎవరు ఎవర్ని కొట్టారో అమ్మమ్మకు తెలియదు. "తమ్ముణ్ణి" అనగానే వాక్యం నిలబడుతుంది. అన్నం, నీళ్ళు లాంటి వాటికి ని పెట్టకపోయినా పరవాలేదు, అన్నం మనిషిని తినదు కదా. మనుషుల దగ్గర మాత్రం ని, కి, తో పోనివ్వకూడదు.

మళ్ళీ నాటకానికి వస్తాను. చివర్లో రాజు మాటలు ఇలా మొదలవుతాయి: 'ఎ గ్లూమింగ్ పీస్ దిస్ మార్నింగ్ విత్ ఇట్ బ్రింగ్స్.' శాంతి ఉదయాన్ని తెచ్చిందా, ఉదయం శాంతిని తెచ్చిందా? రెండూ ఏకవచనాలే, బ్రింగ్స్ ఎటైనా అతుకుతుంది. విభక్తి లేని భాషలో కవి తీసుకున్న సాహసం ఇది. సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి: చనిపోయిన ఇద్దరు పిల్లల ముందు రెండు కుటుంబాలు రాజీపడ్డాయి, తెల్లవారింది. ఈ ఉదయం దిగులు నిండిన శాంతిని తన వెంట తెచ్చింది. తెలుగులో 'శాంతిని' అన్న ఒక్క మాటతో అనుమానం పోతుంది. క్రియను చివరికి ఎందుకు నెట్టాడంటే, రెండు పంక్తుల తర్వాత 'థింగ్స్' రావాలి, 'బ్రింగ్స్'కు అది అంత్యప్రాస. నాటకంలోని ఆఖరి మాట రోమియో. అది కూడా పై పంక్తిలోని 'వో'తో ప్రాస కలవడానికే అక్కడికి చేరింది. యతి కోసం, ప్రాస కోసం మన పద్యాల్లో మాటలు ఎలా జరుగుతాయో తెలిసినవాళ్ళం కదా, ఈ సంగతి పిల్లలకు మనకంటే బాగా ఎవరు చెప్పగలరు?

మా అమ్మాయికి వారాంతపు తెలుగు బడిలో పోతన పద్యం కంఠతా వచ్చింది. 'ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపలనుండు లీనమై...' నాలుగు పాదాలూ ఎవ్వడు, ఎవ్వడు అంటూ సాగి, అసలు క్రియ 'వేడెదన్' పద్యం చిట్టచివర వస్తుంది. ఏనుగు ప్రాణం ఉగ్గబట్టుకుని పిలుస్తోంది, మనం కూడా ఆ క్రియ దాకా ఊపిరి బిగబట్టాల్సిందే. ఇంగ్లీషు కవి మిల్టన్ 1667లో అచ్చువేసిన పారడైజ్ లాస్ట్ కావ్యం కూడా ఇలాగే మొదలవుతుంది. 'ఆఫ్ మ్యాన్స్ ఫస్ట్ డిసొబీడియన్స్' అని ఎత్తుకుని, చెట్టు, పండు, మరణం, ఈడెన్ అన్నీ చెప్పుకుంటూ పోయి, ఆరో పంక్తిలో గానీ 'సింగ్' అన్న క్రియ రాదు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి పైకి చదివించాను. పోతన క్రియ కోసం ఆగడం అలవాటైన పిల్ల మిల్టన్ దగ్గర కంగారు పడలేదు.

చదివించేటప్పుడు పంక్తి చివర ఆగనివ్వకండి. కామా, ఫుల్‌స్టాప్ ఉన్నచోటే ఆగమనండి. తర్వాత క్రియ కింద గీత గీయించి, ఎవరు, ఎవరిని, ఎక్కడ అని అడగండి. అర్థం మీరు చెప్పకండి, వాళ్ళ ఇంగ్లీషు మనకంటే బాగుంటుంది కాబట్టి అది వాళ్ళకే వస్తుంది. ఇంకా చిన్నపిల్లలైతే 'హియర్ కమ్స్ ద బస్' చాలు. అందులో బస్సు క్రియ తర్వాత వచ్చిందని చూపించండి. వాక్యం మొదట్లో హియర్ లాంటి మాట వస్తే, దాని వెంటనే క్రియ రావడం పాత ఇంగ్లీషులో మామూలే. అందులో మిగిలిన ముక్కే వాళ్ళు రోజూ బస్‌స్టాప్‌లో అంటున్నది.