ఉదయమువరకు పండుకొనుము

"నీకు బంధువుని ధర్మము జరుపుటకు అతడు ఒప్పుకొననియెడల యెహోవా జీవము తోడు నేనే నీకు బంధువుని ధర్మము జరిపెదను, ఉదయమువరకు పండుకొనుము." (రూతు 3:13)

పెళ్లికి ముందు పవిత్రత గురించి మన సంఘాల్లో ప్రసంగం ఉందంటే ఏ వాక్యాలు వస్తాయో ముందే చెప్పేయవచ్చు. 1 కొరింథీయులకు ఆరో అధ్యాయం, హెబ్రీయులకు 13:4, పోతీఫరు భార్య చేతిలో వస్త్రం వదిలేసి పరుగెత్తిన యోసేపు. రూతు గ్రంథాన్ని మాత్రం పెళ్లిళ్లకు దాచుకుంటాం. "నీవు వెళ్లు చోటికే నేను వచ్చెదను" అని శుభలేఖ మీద అచ్చు వేయిస్తాం. (అది వధువు వరుడితో అన్నది కాదు. మొగుణ్ణి పోగొట్టుకున్న కోడలు, మొగుణ్ణీ కొడుకుల్నీ పోగొట్టుకున్న అత్తతో అన్నది. శుభలేఖలో ఆ సంగతి ఎవరికి కావాలి!) మూడో అధ్యాయాన్ని యవ్వనస్థుల కూడికలో తెరిచే ధైర్యం మాత్రం తక్కువమందికి ఉంటుంది. రాత్రి వేళ, ఊరి బయట కళ్లం, స్నానం చేసి నూనె రాసుకుని వచ్చిన యువతి రూతు, తిని తాగి సంతోషంగా ధాన్యపు కుప్ప పక్కన పడుకున్న మగవాడు, ఆమె చనిపోయిన భర్తకు బంధువైన బోయజు. పిల్లలు ఏం అడుగుతారోనని మనకు భయం.

అడగనివ్వండి. ఆ రాత్రి కళ్లంలో ఏమేం ఉన్నాయో చూడండి. ఆమెకు ఇష్టం ఉంది, తనంతట తానే వచ్చింది. అతనికీ ఇష్టమే, "భయపడకుము" అన్నాడు, చేసుకుంటానని దేవుని పేరు మీద ఒట్టు కూడా పెట్టాడు. పెద్దదిక్కైన అత్తగారు నయోమి స్వయంగా పంపింది. చూసేవాళ్లెవరూ లేరు. ఈ రోజుల్లో ఒక జంట "మాకింకేం అడ్డం?" అని అడిగేటప్పుడు చెప్పే కారణాలన్నీ ఆ కళ్లంలో ఉన్నాయి. లేనిది ఒక్కటే. బోయజుకు ఇంకా హక్కు రాలేదు. అతనికంటే దగ్గరి బంధువు ఒకడున్నాడు. చనిపోయినవాడి పొలాన్నీ భార్యనూ దగ్గరి బంధువు చేపట్టాలన్న ఆనాటి ధర్మం ప్రకారం ముందు అడగవలసింది అతణ్ణి. ఆ సంగతి రూతు ఎత్తలేదు, బోయజే ఎత్తాడు. తన దారికి తనే అడ్డం చూపించాడు, ఆపైన తెల్లారేదాకా ఆగాడు.

ఆగడం అతనికి సులువైందని అనుకోవద్దు. ఆ ఇద్దరి వంశచరిత్ర చదివితే ఆ రాత్రి ఎంత ప్రమాదకరమో తెలుస్తుంది. రూతు మోయాబీయురాలు. మోయాబు ఎలా పుట్టాడో ఆదికాండము 19లో ఉంది. లోతు కుమార్తెలు తండ్రికి ద్రాక్షారసం తాగించిన ఒక రాత్రి ఫలితం అతను. బోయజు పెరెసు సంతతివాడు. పెరెసు ఎలా పుట్టాడో ఆదికాండము 38లో ఉంది. మామ యూదా తన కోడలు తామారుకు చేస్తానన్న న్యాయం చేయలేదు. ఆమె ముసుగేసుకుని దారిపక్కన కూర్చుంటే వేశ్య అనుకుని వెళ్లాడు. అంటే రెండు వంశాలూ తాగుడో, మోసమో, చీకటో ఉన్న సందర్భాల్లోంచి వచ్చినవే. ఇప్పుడు ఆ రెండు వంశాలవాళ్లూ ఒక రాత్రి ఒకే కళ్లంలో ఉన్నారు, అందులోనూ మగవాడు తాగి ఉన్నాడు. మళ్లీ అదే కథ జరగడానికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. జరగలేదు.

అలాగని తామారునూ, లోతు ఇంటి సంతానాన్నీ దేవుడు కొట్టివేయలేదు. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో, మన ప్రభువు వంశావళిలో, తామారు పేరుంది, రూతు పేరూ ఉంది. పడిపోయినవాళ్లకు ఈ కథలో చోటు లేదని బోధించేవాళ్లు ఆ పేజీ ఒకసారి చదవాలి.

ఇక మన కాలానికి వద్దాం. బోధకులు కొందరు రోమీయులకు 13:1 ఎత్తి, "ప్రతివాడును పై అధికారులకు లోబడియుండవలెను" కాబట్టి పెళ్లికి ముందు సంబంధం చట్టం ప్రకారం కూడా తప్పే అన్నట్టు మాట్లాడతారు. ఇది నిజం కాదు. ఇద్దరు వయోజనులు ఇష్టపడి కలిస్తే మన దేశంలో అది నేరం కాదు. 2010లో నటి ఖుష్బూ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. 2018లో వ్యభిచారాన్ని నేరంగా చూసే 497వ సెక్షన్‌ను కూడా కొట్టివేసింది. పౌలు ఆ వాక్యం రాసింది నీరో పాలిస్తున్న రోముకు. రోమా చట్టం ఒక స్వతంత్ర పురుషుడికి దాసితోనూ వేశ్యతోనూ ఎంత వెసులుబాటు ఇచ్చిందో పౌలుకు తెలియదా? అయినా కొరింథువాళ్లకు "దేహము జారత్వము నిమిత్తము కాదు గాని, ప్రభువు నిమిత్తమే" అని రాశాడు. చట్టం శిక్షించనిదల్లా విశ్వాసికి చెల్లుతుందన్న ఊహే అతనికి లేదు. కాబట్టి పరిశుద్ధత గురించి చెప్పేటప్పుడు పోలీసును అడ్డం పెట్టుకోవద్దు. అది వాక్యానికీ మంచిది కాదు, పోలీసుకూ మంచిది కాదు.

మరి క్రైస్తవుడు ఎందుకు ఆగాలి? నాకు నచ్చే జవాబు 1 థెస్సలొనీకయులకు నాలుగో అధ్యాయంలో ఉంది. జారత్వానికి దూరంగా ఉండమని చెబుతూనే పౌలు, ఈ విషయంలో ఎవడూ తన సహోదరునికి అన్యాయం చేసి మోసపుచ్చకూడదంటాడు. అపవిత్రత అనే మాట పక్కనే మోసం అనే మాట పెట్టాడు. శరీరం ఇచ్చి, ఇంటిపేరు, అప్పు, రోగం, ముసలితనం, అవతలివాళ్ల అమ్మానాన్నల బాధ్యత ఇవ్వకుండా వెనక్కి పెట్టుకోవడం మోసమే, ఇద్దరూ ఇష్టపడి చేసినా సరే. చట్టం కూడా ఈ విషయంలో పూర్తిగా నిద్రపోవడం లేదు. 2024 జూలై 1 నుండి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షన్, నెరవేర్చే ఉద్దేశం లేకుండా పెళ్లి చేసుకుంటానని మాటిచ్చి స్త్రీతో సంబంధం పెట్టుకుంటే పదేళ్ల వరకు జైలు అంటోంది. అయినా బోయజు మోసగాడు కాడు, అతని మాట నిజమే. నిజమైన మాట ఉన్నవాడు కూడా ఆగాడన్నదే నన్ను ఆ అధ్యాయం దగ్గర నిలబెడుతుంది.

ఎందుకంటే తెల్లారాక అతను చేసిన పని చూడండి. రూతు కొంగులో ఆరు కొలల యవలు పోసి పంపాడు, తను పురద్వారానికి వెళ్లి కూర్చున్నాడు. పురద్వారమంటే ఆనాటి కోర్టు, రిజిస్ట్రారు ఆఫీసు, రచ్చబండ అన్నీ అదే. దగ్గరి బంధువు అటు వస్తుంటే పిలిచి కూర్చోబెట్టాడు. ఊరి పెద్దల్లో పదిమందిని కూర్చోబెట్టాడు. నయోమి పొలం సంగతి చెప్పాడు. ఆయన "కొంటాను" అన్నాడు. పొలంతోపాటు మోయాబీయురాలైన రూతు బాధ్యత కూడా ఉందనగానే, తన స్వాస్థ్యం పోతుందేమోనని వెనక్కి తగ్గాడు. చెప్పు తీసి ఇచ్చాడు, అది ఆ కాలంలో ఒప్పందం స్థిరపరిచే పద్ధతి. అప్పుడు జనం "మేము సాక్షులము" అన్నారు. ఆ తర్వాతే, 4:13లో, బోయజు రూతును పెండ్లి చేసికొని ఆమె యొద్దకు పోయాడని గ్రంథం రాస్తుంది. ఆ వరుస గమనించండి.

అంత భక్తిపరుడికి ఇంత తతంగం ఎందుకు? దేవుని ఎదుట మాట ఇచ్చాడు కదా, చాలదా? అతనికైతే చాలేదేమో. రూతుకు చాలదు. ఆమె పరదేశి, విధవరాలు, పరిగె ఏరుకుని బతికేది. రేపు బోయజు చచ్చిపోతే, కళ్లంలో చీకట్లో ఇచ్చిన మాటకు సాక్ష్యం ఎవరు? పదిమంది పెద్దల ఎదుట పలికిన మాట ఆమెకూ, ఆమె కడుపున పుట్టబోయే ఓబేదుకూ ఒక ఆధారం. రాత్రి ఆమెను ముట్టకుండా ఉండటం, పొద్దున్నే పెద్దల ముందు కూర్చోవడం నాకు రెండు వేర్వేరు గుణాలుగా కనబడవు. నలుగురి ఎదుట బాధ్యత ఒప్పుకోకముందు ఆమె దగ్గర ఏమీ తీసుకోనన్న ఒకే నిర్ణయం ఆ రెండింటిలోనూ ఉంది.

అందుకే "మేం దేవుని ఎదుట భార్యాభర్తలమే, కాగితం ఎందుకు?" అన్నమాట ఆత్మీయంగా వినబడినా నేను ఒప్పుకోను. భారత క్రైస్తవ వివాహ చట్టం 1872 నాటిది. మన ముత్తాతల కాలం నుండి మన పెళ్లిళ్లు దాని కిందే నడుస్తున్నాయి. అబ్బాయికి 21, అమ్మాయికి 18 ఏళ్లు నిండాలి, ఇద్దరిలో ఎవరికీ బతికున్న భార్య గాని భర్త గాని ఉండకూడదు, లైసెన్సు ఉన్న వ్యక్తి ముందు, కనీసం ఇద్దరు నమ్మదగిన సాక్షుల ముందు, సర్వశక్తిగల దేవుని సముఖంలో ప్రభువైన యేసుక్రీస్తు పేరట ఒకరినొకరు చేపట్టాలి. కొన్ని సంఘాలకు మినహాయింపులున్నా, మొత్తమ్మీద ఉదయం ఆరు నుండి సాయంత్రం ఏడు లోపల పెళ్లి జరగాలని కూడా ఆ చట్టంలో ఉంది. పెళ్లి పగటి పని అని బోయజుకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పాత సంఘాల్లో ఆదివారం ఆరాధనలో పెండ్లి ప్రకటన చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమనడం కూడా ఆ పురద్వారం ఆచారమే.

ఇప్పుడు కాస్త చేదు మాటలు. యవ్వనస్థులకు రోమా 13 చదివి వినిపించే మనం, అదే అధ్యాయం పెద్దల కూడికలో చదువుతున్నామా? వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. దాంట్లో క్రైస్తవులకు మినహాయింపు లేదు. అయినా ప్రధానం రోజు ప్రార్థన చేసి, పాట పాడి, పక్కగదిలో లెక్కలు మాట్లాడుకునే సంబంధాలు ఎన్ని! బైబిల్లో ఓలి, అంటే కన్యాశుల్కం, ఇచ్చేది పెళ్లికొడుకు వైపువాళ్లు. మనం దాన్ని తిరగేసి, దానిమీద "ఆమేన్" కూడా అంటున్నాం. లైసెన్సు లేని బోధకుడు పెళ్లి జరిపిస్తే క్రైస్తవ వివాహ చట్టంలోని 68వ సెక్షన్ కింద పదేళ్ల వరకు శిక్ష పడవచ్చని ఎంతమంది స్వతంత్ర సంఘాల కాపరులకు తెలుసు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే పెళ్లిళ్ల నమోదు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఆ కాగితం లేకపోతే వీసా దగ్గరో, పెన్షన్ దగ్గరో, భర్త పోయాక ఆస్తి దగ్గరో నిలబడిపోయేది ఎక్కువగా ఆడపిల్లే.

ఇంకో గాయం ఉంది, పల్లెల్లో ఇది అందరికీ తెలిసినా పైకి అనరు. ఎస్సీ హోదా ఎవరికి ఉంటుందో చెప్పే 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువులకు, ఆ తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తించింది, క్రైస్తవులకు వర్తించలేదు. అందువల్ల చర్చిలో పెళ్లి చేసుకుని, రిజిస్ట్రారు దగ్గర హిందూ వివాహ చట్టం కింద నమోదు చేయించుకునే కుటుంబాలున్నాయి. వాళ్ల మీద రాయి వేయడం నాకు చేతకాదు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊరు వాళ్లను చూసే చూపు మారలేదు కదా, మరి చట్టం ఇచ్చే రక్షణ ఎందుకు మారాలి? ఆ ఉత్తర్వు న్యాయం కాదని నా అభిప్రాయం. కానీ 2008లో మన రాష్ట్రం నుండే వెళ్లిన ఒక కేసులో, క్రైస్తవుడికీ హిందూ స్త్రీకీ హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లి చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. పెళ్లి ఏ చట్టం మీద నిలబడిందో తర్వాత కోర్టు చూస్తుంది, అప్పుడు కూలేది ఎవరి జీవితమో ముందే ఆలోచించాలి. పౌలు అధికారులకు లోబడమన్నాడు, తన రోమా పౌరసత్వం చూపించి అన్యాయపు దెబ్బలను నిలదీశాడు, కైసరు ఎదుట చెప్పుకుంటానని అప్పీలు కూడా చేశాడు. అన్యాయమైన నిబంధనను బహిరంగంగా ఎదిరించడానికి లేఖనంలో దారి ఉంది. చాటుగా దాటిపోవడంతో వచ్చే నష్టం మాత్రం చాలాసార్లు భార్యల మీద పడుతుంది.

చివరగా, ఇప్పటికే కలిసి ఉంటున్న జంటల సంగతి. బెంగళూరులో, హైదరాబాదులో, అమెరికాలో మన సంఘాల పిల్లలు అలా ఉంటున్నారు, ఆ విషయం అమ్మానాన్నలకు తెలిసీ తెలియనట్టు ఉంటుంది. వాళ్లకు నేను చెప్పేది: ఇద్దరికీ పెళ్లి చేసుకునే స్వేచ్ఛ ఉంటే ఫంక్షన్ హాలు దొరికేదాకా, బంగారం కొనేదాకా ఆగకండి. ఇక్కడుంటే మీ కాపరి దగ్గరకు వెళ్లండి, ఒకరు క్రైస్తవులు కాకపోయినా క్రైస్తవ వివాహ చట్టం ఒప్పుకుంటుంది. లేదా 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇవ్వండి, ముప్పై రోజుల గడువు ఉంటుంది. ఆ గడువు వేర్వేరు ఇళ్లలో గడపండి. కష్టమే, కానీ చేయదగిన పని.

సంఘ పెద్దలకు చెప్పేది వేరే. ఇలాంటి జంట వస్తే మనం సాధారణంగా ముందు అమ్మాయినే పిలుస్తాం, ఆమె తల్లిని పిలుస్తాం, స్త్రీల కూడికలో గుసగుసలు మొదలవుతాయి. అబ్బాయి వచ్చే ఆదివారం కూడా గిటారు వాయిస్తూనే ఉంటాడు. నిర్గమకాండము 22:16లో ధర్మశాస్త్రం మొదట పట్టుకున్నది అబ్బాయిని. ఓలి ఇచ్చి ఆమెను పెళ్లి చేసుకోవాలంది. తండ్రి ఇవ్వనంటే కూడా సొమ్ము చెల్లించే వెళ్లాలంది. కాబట్టి ముందు అబ్బాయినీ వాళ్ల నాన్ననూ పిలిచి కూర్చోబెట్టండి. పెళ్లి తేదీ అడగండి, వయసు పత్రాలు అడగండి, కట్నం మాట ఎత్తితే రిజిస్టరు మూసేస్తామని చెప్పండి.