మన పండుగ, మా పండుగ

కొన్నేళ్ల క్రితం వినాయక చవితికి ముందురోజు నాలుగో తరగతి పిల్లలకు "మన పండుగ వినాయక చవితి" అని బోర్డు మీద రాసి, దాని గురించి ఐదు వాక్యాలు రాసుకొని రమ్మన్నాను. సెలవు తరువాత నోటు పుస్తకాలు దిద్దుతుంటే ఒక అబ్బాయి రాసినది ఇలా ఉంది: "మన పండుగ వినాయక చవితి. ఆ రోజు బడికి సెలవు. మా ఇంట్లో ఏమీ చేయము. పక్కింటివాళ్లు ఉండ్రాళ్లు ఇచ్చారు. బాగున్నాయి." అక్షరదోషం ఒక్కటీ లేదు. మొదటి వాక్యం మాత్రమే అబద్ధం, దానిని బోర్డు మీద రాసి ఇచ్చినది నేనే.

నేను పనిచేసేది నెల్లూరు జిల్లా వెంకటాచలం మండలంలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో. కసుమూరు దర్గాకు వెళ్లే జనం మా బడి ముందునుంచే పోతుంటారు. ముప్పైమందికి లోపే ఉన్న మా తరగతిలో పొంగళ్లు పెట్టే ఇళ్ల పిల్లలు, నమాజు చదివే ఇళ్ల పిల్లలు, ఆదివారం ప్రార్థనకు పోయేవాళ్లు, చెరువు కట్ట కింద కాపురముండే యానాది గిరిజనుల పిల్లలు కలిసి కూర్చుంటారు. ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఒకే మాటతో సరిపెట్టుకొనేచోట తెలుగుకు రెండు మాటలున్నాయి: వింటున్నవాడిని కలుపుకొంటే "మనం", కలుపుకోకపోతే "మేము". ఈ తేడాను వ్యాకరణ పాఠంగా ఏటా చెప్పే నేనే, పండుగ దగ్గరకు వచ్చేసరికి ఆ అబ్బాయిని అడగకుండానే "మన"లో కలిపేసుకున్నాను. ఆప్యాయంగానే అన్నానని నాకు నేను సర్దిచెప్పుకోబోయాను గానీ, వాడి మూడో వాక్యం ఒప్పుకోనివ్వలేదు.

పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థలో మతబోధ చేయరాదని రాజ్యాంగంలోని 28వ అధికరణం చెబుతున్నది. ప్రభుత్వ గుర్తింపో సహాయమో పొందే ఇతర బడులలో కూడా, మైనరు విద్యార్థి అయితే సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధకు గానీ ఆరాధనకు గానీ కూర్చోబెట్టకూడదు. దీనిని విన్న మా తోటి ఉపాధ్యాయులలో చాలామంది మతం పేరే ఎత్తకపోవడం క్షేమమనుకుంటారు. అయితే దేశ విద్యావిధానాన్ని పరిశీలించిన 1964-66 నాటి కొఠారి కమిషన్ మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి తెలియజెప్పడం వేరు అని విడదీసి, రెండవది బడిలో ఉండాలన్నది. 2002లో సుప్రీంకోర్టు కూడా మతాల గురించి చదువుకోవడాన్ని 28వ అధికరణం నిషేధించలేదని తీర్పు చెప్పింది. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందో తొమ్మిదేళ్ల పిల్లల ముందు నిలబడినప్పుడు నాకు క్రియాపదం చివర కనిపించింది. "పండుగనాడు తలంటుకోవాలి" అంటే బోధ, "పండుగనాడు తలంటుకుంటారు" అంటే సమాచారం. అప్పటినుంచి మా తరగతిలో మతానికి సంబంధించిన ఏ వాక్యమూ "ఆలి"తో ముగియకూడదన్నది నియమం. పిల్లలు దీనిని ఆటగా తీసుకొని, నేను పొరపాటున "చేయాలి" అంటే బల్లలు చరుస్తారు. ఒకసారి "చేతులు కడుక్కొని అన్నానికి రావాలి" అన్నప్పుడు కూడా చరిచారు, అది వేరే సంగతి.

ఇంగ్లండులో దీనికి ప్రత్యేకంగా ఒక సబ్జెక్టే ఉంది. 1944 నాటి విద్యాచట్టం అక్కడి బడులలో మతబోధను తప్పనిసరి చేసి, వద్దనుకున్న తల్లిదండ్రులకు పిల్లలను ఆ తరగతినుంచి తప్పించుకొనే హక్కు కూడా ఇచ్చింది. 1988 నాటి చట్టం వచ్చేసరికి దేశంలోని మత సంప్రదాయాలు ప్రధానంగా క్రైస్తవమైనవేనని గుర్తిస్తూనే ఇతర ప్రధాన మతాలను కూడా పరిగణించాలన్నారు. మా చెల్లెలి కూతురు అక్కడే చదువుతున్నది. దీపావళి వచ్చినప్పుడు వాళ్ల టీచరు ఎంతో మర్యాదగా పిల్లను ముందుకు పిలిచి హిందువులు ఈ పండుగ ఎందుకు చేసుకుంటారో చెప్పమన్నదట. పిల్లకు మతాబులు తప్ప మరేమీ తెలియక నిలబడిపోయి, ఇంటికి వచ్చి ఏడ్చింది. ఏడేళ్ల పిల్ల కోట్లమంది తరఫున జవాబు చెప్పవలసివచ్చింది మరి.

ఆ సంగతి ఫోనులో వింటుంటే నా తరగతిలోనూ అదే చేస్తున్నానని తోచింది. "మన" మానేసి "మీ మతంలో ఏం చేస్తారు?" అని అడగడం మొదలుపెట్టాను కదా, అదీ సరిగా నడవలేదు. మొహర్రం నెలలో ఒక అమ్మాయి పీర్లు ఎత్తడం గురించి ఉత్సాహంగా చెబుతుంటే, అదే వరుసలోని మరొక అమ్మాయి లేచి, పీర్లను ఎత్తడం మాలో లేదు, అది తప్పు అన్నది. ఇద్దరూ ముస్లింల పిల్లలే. ఎవరిది సరి అని తరగతి అంతా నా ముఖం చూసింది. తీర్పు చెప్పడానికి నేనెవరిని? ఇద్దరినీ "మా ఇంట్లో" అని మొదలుపెట్టి మళ్లీ చెప్పమన్నాను. "మా ఇంట్లో పీర్లు ఎత్తుతారు", "మా ఇంట్లో ఎత్తరు". పోట్లాట లేదు. కార్తీక మాసం వచ్చినప్పుడు మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఎవరు తింటారు, ఎవరు పక్కవాడికి ఇస్తారు అన్నదానికి కూడా ఈ పద్ధతే పనికివచ్చింది.

మా జిల్లాలో ఈ పాఠానికి రొట్టెల పండుగను మించిన సామగ్రి లేదు. మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున, పన్నెండుమంది అమరుల సమాధులున్న బారాషహీద్ దర్గా దగ్గర ఆ పండుగ జరుగుతుంది. కోరిక ఉన్నవారు చెరువు నీళ్లలో నిలబడి, అదే కోరిక నెరవేరినవారి చేతినుంచి రొట్టె అందుకొని తింటారు, తమ కోరిక తీరాక మళ్లీ వచ్చి రొట్టె తాము ఇస్తారు. విద్య రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, సొంతింటి రొట్టె అని వాటికి పేర్లు. దర్గా ముస్లింలది, నీళ్లలో నిలబడేవాళ్లు అన్ని మతాలవాళ్లు. మా తరగతిలో దీని గురించి మాట్లాడిన రోజున సగంమంది చేతులెత్తారు. ఒక అమ్మాయి తన కోసం వాళ్లమ్మ సంతాన రొట్టె తీసుకున్నదని చెప్పింది, అంటే ఆ పిల్లే ఆ రొట్టెకు ఫలం. విద్య రొట్టె తింటే ఎక్కాలు చదవక్కరలేదా అని మరొకడు అడిగాడు. తిన్నవాళ్లు కూడా చదువుతారని మాత్రం చెప్పాను. రొట్టె పనిచేస్తుందా అని సూటిగా అడిగిన పిల్లకు, "కొందరు నమ్ముతారు, కొందరు నమ్మరు, మీ ఇంట్లో అడుగు" అన్నాను. తప్పించుకున్నట్లు వినిపిస్తుందని నాకూ తెలుసు, అయితే ఉపాధ్యాయురాలి ఉద్యోగం అంతవరకే.

తాము ఎప్పుడు క్రైస్తవులమయ్యామని ఒక అబ్బాయి అడిగినప్పుడు ఇంతకంటె జాగ్రత్త పడవలసివచ్చింది. వాళ్లమ్మమ్మది ఒంగోలు ప్రాంతం. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చాడని, కూడు కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ పనులు జరిగినంతకాలం బాప్తిస్మాలు ఆపాడని, తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని చెప్పాను. మంచి జరిగిందనీ అనలేదు, చెడు జరిగిందనీ అనలేదు. మా తాతల తాత అందులో ఉన్నాడా అని వాడు అడిగాడు. అమ్మమ్మను అడిగి రమ్మన్నాను.

వీటన్నిటిలో ఎప్పుడూ నోరు మెదపనివాడు యానాదుల అబ్బాయి. అడ్మిషన్ రిజిస్టరులో వాడి పేరు ఎదుట మతం గడిలో హిందూ అని ఉంది. రాసినవాళ్లు వాడి తండ్రిని అడిగి రాశారో లేదో నాకు అనుమానమే. మొన్న "మా ఇంట్లో" వంతు వచ్చినప్పుడు, ఇంట్లో ఏమీ లేదని, చెరువు కట్ట కింద వేపచెట్టు దగ్గర రాయి ఉందని, ఏడాదికొకసారి దానికి పసుపు రాస్తామని చెప్పాడు. చూస్తామని పిల్లలు పట్టుబట్టారు. శనివారం మధ్యాహ్నం వాడే ముందు నడుస్తూ, తుమ్మముళ్లు చూసుకోమని హెచ్చరిస్తూ మమ్మల్ని తీసుకుపోయాడు. చెట్టు దగ్గరికి వచ్చాక చెప్పులు విప్పాలా అని నేను అడిగాను.

"మేము విప్పుతాం టీచర్. మీ ఇష్టం" అన్నాడు.