మూలలో నిలిచిన నీళ్లు

పాత బాత్‌రూములు పగలగొట్టి కొత్తగా చేసివ్వడం నా పని. ఎవరి కిందా కాదు, సొంతంగానే ఒప్పుకుంటాను. సంచిలో గ్రైండర్, డ్రిల్లు, పళ్ల తాపీ, రబ్బరు సుత్తి అన్నీ ఉంటాయి కానీ, పొద్దున పనిలోకి దిగగానే ముందు తీసేది 60 సెంటీమీటర్ల స్పిరిట్ లెవెల్, అంటే చిన్న గొట్టంలోని బుడగతో మట్టం చూపించే పట్టీ. ఒక ఇంట్లో జరిగిన పొరపాటు వల్ల వచ్చిన అలవాటిది.

బాత్‌రూము నేలకి వాటం కుదరాలి, అంటే నీళ్లు బయటికి పోయే జాలీ వైపు నేల వాలుగా ఉండాలి. నేను మీటరుకు సెంటీమీటరు చొప్పున ఇస్తాను. అందుకు లెవెల్ ఒక చివర కింద 6 మిల్లీమీటర్ల చెక్కముక్క పెట్టి టేపు చుట్టేస్తాను. ఆ చివరను జాలీ వైపు ఉంచి టైల్ మీద పెట్టినప్పుడు బుడగ సరిగ్గా మధ్యలో నిలిస్తే వాటం కుదిరినట్టే. ప్రతిసారీ లెక్కలేసుకునే పని ఉండదు.

ఆ ఇంటి పని మొదలుపెట్టే ముందు రోజు లెవెల్ నిచ్చెన మీంచి కింద పడింది. గీత కూడా పడలేదు కదా అని తుడిచి సంచిలో వేసుకున్నాను. లోపల బుడగ ఉన్న గొట్టం కదిలిందని నాకు తెలియలేదు. చెక్కముక్క ఎప్పుడూ ఒకే చివర ఉంటుంది కాబట్టి తప్పు కూడా నేలంతా ఒకేలా పరుచుకుంది. టైల్స్ చూడ్డానికి అద్దంలా వచ్చాయి. తట్టి చూస్తే ఎక్కడా డొల్ల శబ్దం లేదు. సంతోషంగా ఇంటికొచ్చేశాను.

నాలుగో రోజు ఆ ఇంటి పెద్దావిడ ఫోన్ చేశారు. “బాబూ, మూలలో నీళ్లు నిలుస్తున్నాయి. మా ఆయన కర్ర పట్టుకుని నడుస్తారు, నాకు భయంగా ఉంది” అన్నారు. ఆవిడ గొంతు పెంచలేదు. దాంతో నాకు ఇంకా బాధేసింది.

వెళ్లి చెక్కముక్క తీసేసి లెవెల్‌ని నేల మీద పెట్టి బుడగ ఎటుందో చూశాను. అక్కడే ఈ చివర అటు, ఆ చివర ఇటు వచ్చేలా తిప్పి పెట్టాను. లెవెల్ మంచిదైతే రెండుసార్లూ బుడగ గదిలో ఒకే వైపుకు, అంటే ఎత్తున్న వైపుకు జరగాలి. నాది మొదట గోడ వైపుంది, తిప్పాక తలుపు వైపుకు వచ్చింది. నా గుండె జారిపోయింది. కొలిస్తే 60 సెంటీమీటర్లకు దాదాపు 4 మిల్లీమీటర్ల తేడా. నేను ఇచ్చాననుకున్న 6లో మిగిలింది 2.

“అమ్మా, తప్పు నాదే. మళ్లీ వేస్తాను, మీరేమీ ఇవ్వక్కర్లేదు” అన్నాను. సొంత పనిలో ఇంకొకరి మీదకు నెట్టడానికి ఎవరూ ఉండరు. మూడు రోజులు పట్టింది. టైల్స్ లేపుతుంటే కింద వాటర్‌ప్రూఫింగ్ రెండు చోట్ల చిరిగింది. అది కూడా మళ్లీ వేసి, ఆరాక జాలీ మూసి 24 గంటలు నీళ్లు నిలబెట్టి చూశాను. పక్కింటి పని ఆలస్యమైంది, వాళ్లతో మాట కూడా పడ్డాను. (పగలగొట్టేటప్పుడు, కోసేటప్పుడు మాత్రం ఎంత తొందరున్నా మాస్కు తియ్యను. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. కొత్తగా పనిలోకి వచ్చే పిల్లలకు ఇది కచ్చితంగా చెప్తాను.)

ఇప్పుడు రోజూ పని మొదలయ్యే ముందు లెవెల్‌ని అలా తిప్పి చూస్తాను. అరనిమిషం పని. దూరం ఎక్కువైతే పారదర్శకంగా ఉండే గొట్టంలో నీళ్లు నింపి, లోపల గాలి బుడగలు లేకుండా చూసుకుని రెండు గోడల మీదా గుర్తు పెడతాను. గొట్టం ఎప్పుడైనా కింద పడినా, రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి.

ఆ ఇంట్లో చివరి రోజు పెద్దావిడే బకెట్ తెచ్చి మూలలో నీళ్లు పోశారు. ఇద్దరం గుమ్మం దగ్గర నిలబడి చూశాం. నీళ్లు గోడ వెంబడి వచ్చి, మలుపు తిరిగి, జాలీలోకి దిగిపోయాయి. ఆవిడ చెప్పులు విడిచి లోపలికెళ్లి, ఆ మూలలో పాదం ఆనించి చూసుకున్నారు.