మూడు ఆదివారాలు పరీక్ష పెట్టి బుల్లెట్ అమ్మిన పెద్దాయన

నేను కడపలో కరెంటు ఆఫీసులో పని చేస్తాను. నలభై దాటాక పాత బుల్లెట్ కొనాలని పురుగు తొలిచింది. సెల్ఫ్ బటన్ ఉండే కొత్తరకం కాదు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండే, పోత ఇనుము (క్యాస్ట్ ఐరన్) ఇంజను బండి. ఇంట్లో చెబితే మా ఆవిడ ఒకే ప్రశ్న వేసింది: “తోసుకుంటా వచ్చేరోజు ఎదురు రావల్లనా, వద్దా?”

మొదట చూసిన బండి అద్దంలా మెరిసింది. నల్ల పెయింటు, ట్యాంకు మీద బంగారు గీతలు, సైలెన్సరు నుంచి హ్యాండిలు దాకా కొత్త క్రోమ్. ఒక్క కిక్కుకే లేచింది. అడ్వాన్సు ఐదు వేలు జేబులోంచి సగం బయటికి వచ్చేసింది కూడా. నాతో వచ్చిన మెకానిక్ భాయ్ మాత్రం బండి చుట్టూ తిరగలేదు. వంగి సిలిండరు మీద అరచెయ్యి ఆనించి చటుక్కున తీసేశాడు.

“కాలతాంది నా. మనం రాకముందే పావుగంట తిప్పినారు. రేపు పొద్దున్నే చెప్పకుండా వద్దాం.”

చెప్పకుండానే వెళ్లాం. చల్లగా ఉన్న ఇంజను పద్నాలుగో కిక్కుకి లేచింది. లేచి నీలం పొగ వదిలింది. బుల్లెట్ చాలా రోజులు నిలబడితే ఆయిలు ఇంజను అడుగునుండే క్రాంక్‌కేసులోకి దిగుతుంది, కాబట్టి మొదట్లో కాస్త పొగ రావడం తప్పేం కాదు, కాసేపటికి తేలిపోవాలి అంతే. ఇది ఐదు నిమిషాలైనా తేలలేదు. దానికి తోడు అడుగు నుంచి టకటక. “రాడ్ సౌండు” అన్నాడు భాయ్. అంటే ఇంజను మొత్తం విప్పాలి. మెరుపంతా పైపైనే. ఆ ఐదు వేలు మళ్లీ లోపలికి పోయాయి. ఇలా ఇంకో రెండు చూసి వద్దనుకున్నాం, వాటి సంగతి చెప్పుకునేంత లేదు.

నాలుగోది ఎర్రగుంట్ల దగ్గర దొరికింది. నాపరాళ్ల వ్యాపారం చేసి మానుకున్న పెద్దాయనది. 1987 మోడలు, మొదటి నుంచీ ఆయన ఒక్కడి చేతిలోనే ఉంది. వరండాలో పాత నూలు చీర కప్పి పెట్టాడు. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల చెమ్మ పట్టి తుప్పు పడుతుందట. చీర తీస్తే నాకు కొంచెం నిరాశే కలిగింది. ట్యాంకుకు రెండు పక్కలా మోకాళ్లు రాసుకున్న చోట పెయింటు వెలిసిపోయింది. మడ్‌గార్డు మీద చిన్న సొట్ట.

భాయ్ ఈసారి కూర్చుండిపోయాడు. టార్చి వేసుకుని ఒక్కో నట్టూ చూశాడు. ఆరు మూలలూ పదునుగా ఉన్నాయి. స్క్రూల గాట్లు చెడలేదు. అడ్డమైన పానాలతో విప్పిన బండికి నట్లు గుండ్రంగా అరిగిపోయి ఉంటాయి. పెయింటు వారంలో మార్చవచ్చు, నట్ల సంగతి దాచడం అంత సులువు కాదు. తర్వాత సిలిండరు పక్కన ట్యాపెట్ మూత తీశాడు. ఇంజను చల్లగా, పిస్టన్ పైన ఉన్నప్పుడు, వాల్వుల్ని కదిలించే పుష్‌రాడ్లు వేళ్లతో తిప్పితే తిరగాలి గానీ పైకీ కిందికీ ఆడకూడదు. రెండూ అట్లాగే తిరిగాయి. భాయ్ లేచి చేతులు తుడుచుకుని నా చెవిలో, “బేరం ఎక్కువ ఆడొద్దు నా” అన్నాడు.

పెద్దాయన అమ్మడానికి కారణం మోకాళ్లు. కిక్కు కొట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. ఆయన భార్య మజ్జిగ తెచ్చిస్తా, “అది పోతే నాకు వరండా మిగుల్తాది” అంది. లక్షా పదివేలకు మాట కుదిరింది. డబ్బు తీయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“ముందు కిక్కు కొట్టి చూపించు అబ్బీ.”

కొట్టాను. కిక్కు రాడ్డు రివర్స్ కొట్టి కాలిని తన్నింది. పిక్క మీద నల్లగా కమిలిన మచ్చ రెండు వారాలు ఉంది. “మళ్లా ఆదివారం రా” అన్నాడు. అమ్మేవాడు కొనేవాడికి పరీక్ష పెట్టడం నేనెక్కడా వినలేదు.

రెండో ఆదివారం ఆయనే పక్కన కుర్చీ వేసుకుని నేర్పించాడు. తాళం తిప్పి కిక్కుని మెల్లగా నొక్కుతూ పోవాలి. పాయింట్లు, అంటే స్పార్కు పుట్టించే చిన్న స్విచ్చు, మూసుకుని ఉన్నంతసేపు కరెంటు చూపే ఆమ్మీటరు ముల్లు మైనస్ వైపు వాలి ఉంటుంది. అవి విడిపోగానే ముల్లు మధ్యకు వస్తుంది, కాలికింద గట్టిగా అడ్డం తగులుతుంది. పిస్టన్ పైకొచ్చిందన్నమాట. అప్పుడు ఎడమచేతి కింద ఉన్న డీకంప్రెషన్ లివర్ నొక్కితే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుని గాలి పోతుంది. కిక్కుని కొంచెం దాటించి, లివర్ వదిలి, కిక్కుని పూర్తిగా పైకి రానిచ్చి, ఒంటి బరువంతా వేసి ఒకే ఊపున చివరిదాకా తొక్కాలి. మధ్యలో భయపడి కాలు ఆపినవాడికే దెబ్బ. నేను రోజంతా మీటర్లు చూసే మనిషిని. పిస్టన్ ఎక్కడుందో చెప్పే ఆమ్మీటరుని మాత్రం అదే మొదటిసారి చూడటం. మూడో కిక్కుకి దుగ్ దుగ్ మని లేచింది. పెద్దాయన కుర్చీలోంచి కదల్లేదు గానీ చేతికర్ర నేల మీద తాళం వేస్తోంది.

ఆరోజు ఆయన చాలా మాట్లాడాడు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ కంపెనీ మొదలైందనీ, ఇంగ్లండులో అసలు కంపెనీ 1970లో తయారీ ఆపేసినా మద్రాసు పక్కన తిరువొత్తియూరులో మాత్రం తయారీ ఆగలేదనీ చెప్పాడు. “పుట్టిల్లు ల్యాకుండా పోయినా కాపురం నిలబెట్టుకున్నాది అబ్బీ” అన్నాడు.

మూడో ఆదివారం గేర్ల పరీక్ష. మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. ఊరి చివర క్వారీ రాళ్ల దాకా పోయి, ఎక్కడా ఆపకుండా తిరిగొచ్చాక డబ్బు లెక్కపెట్టుకున్నాడు. పానాల సంచీ, రెండు పాత పాయింట్ల సెట్లు, ఆ నూలు చీర కూడా ఇచ్చాడు.

కాగితాల దగ్గర ఇంకో రెండు నెలలు పట్టింది. పాత పుస్తకం ఆర్‌సీ, మూడక్షరాల నంబరు. ఆన్‌లైన్‌లో ఆ నంబరు కొడితే బండే లేదని చూపించింది. కంప్యూటర్లు రాకముందు రిజిస్టరైన బండ్ల వివరాలను ముందు ఆఫీసు వాళ్లు పాత రికార్డు చూసి ఎక్కించాలి, దాన్ని బ్యాక్‌లాగ్ అంటారు. అదయ్యేదాకా పేరు మార్పు ముందుకు పోదు. పాత బండి కొనేవాళ్లు బేరం తర్వాత కాదు, బేరానికి ముందే ఫోనులో నంబరు కొట్టి చూసుకోండి. నేను చూసుకోలేదు. పేరు మార్పుకి ఫారం 29, 30. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్, దానికి ఫారం 25. ఆయన బండిని చూసుకున్నంత బాగా కాగితాల్ని చూసుకోలేదు, గడువు దాటిపోయింది, ఆలస్యానికి జరిమానా నేనే కట్టాను. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్టు మామూలే.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండి చూసే రోజున ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీశారు. ముప్పైఏళ్లు దాటినా అంకెలు శుభ్రంగా పడ్డాయి. హారన్ కొట్టమన్నారు. బండి పీకింది గానీ అది హారన్ లాగా లేదు, గొర్రెపిల్ల అరిచినట్టుంది. అందరూ నవ్వారు. మార్చుకుని రమ్మన్నారు, మార్చుకుని వెళ్లాను.

అసలు పరీక్ష ఏడు రోడ్ల కూడలిలో జరిగింది. ముందు ఆటో ఆగింది. ఇరవై ఏళ్ల అలవాటు కదా, కుడికాలు బ్రేకనుకుని నొక్కింది. బుల్లెట్‌లో అక్కడుండేది గేరు, కిందికి నొక్కితే పై గేరు పడుతుంది. ఆగాల్సిన బండి అట్లాగే ముందుకు పోయింది. ఎడమకాలు గుర్తొచ్చేసరికి ఆటోకి జానెడు దూరంలో ఉన్నాను. డ్రైవరు తల బయటపెట్టి, “ఏం నా, బ్రేకులు ఇంటికాడ పెట్టొచ్చినావా?” అన్నాడు. ఏం చెప్తాను? పైగా ఇవి పాత డ్రమ్ బ్రేకులు, రెండూ కలిపి పట్టినా ఆలోచించుకుని ఆగుతాయి. నెల రోజుల పాటు బయల్దేరే ముందు “కుడి గేరు, ఎడమ బ్రేకు” అని పైకే చెప్పుకునేవాణ్ణి. మా అబ్బాయి వెనక కూర్చుని పద్యంలా వంత పాడేవాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఎండెక్కకముందే గువ్వలచెరువు ఘాటు ఎక్కుతాను. ఈ ఇంజను 346 సీసీ, పద్దెనిమిది గుర్రాల శక్తి, ఈకాలం లెక్కలో ఏ మూలకూ రాదు. కానీ సిలిండరు వెడల్పు 70 మిల్లీమీటర్లయితే పిస్టన్ ప్రయాణం 90. ఆ పొడవు వల్లే వేగం తక్కువున్నా లాగుడు పోదు. పాలకొండల మలుపుల్లో మూడో గేరులో పెట్టి వదిలేస్తే ఎద్దులాగా తలొంచుకుని ఎక్కుతుంది. ఒక్కో దెబ్బా విడివిడిగా వినబడుతుంది, కొండకు తగిలి మళ్లీ వినబడుతుంది. నలభై యాభై దాటించాలని అనిపించదు. పైన పాలకోవా తిని, ఇంజను చల్లారేదాకా కూర్చుంటాను. వేడి మీద కిక్కు కొడితే ఒక్కోసారి మొండికేస్తుంది, మే నెలలో మరీను. దాని మీద చొక్కా తడిపేసుకునే బదులు ఇంకో వంద గ్రాముల కోవా తినడం మేలు.

మొన్న అరకిలో కోవా కట్టించుకుని ఎర్రగుంట్ల పోయాను. పెద్దాయనకు షుగరని అప్పుడు తెలిసింది, పొట్లం ఆయన భార్య చేతికి పోయింది. వరండాలో బండి పెట్టిన చోట ఆయిలు మరక కిరోసిన్‌తో రుద్దినా పోలేదని దాని మీద బియ్యం డ్రమ్ము పెట్టించింది ఆమె. ఆయన నన్ను కూర్చోమనలేదు. కర్ర గోడకానించి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఎడమవైపు చైను కేసు అడుగున వేలు పెట్టి తీశాడు. వేలి కొసను వెలుతురులో చూసి, నా చేతిలోని రుమాలు తీసుకుని తుడుచుకున్నాడు.

“సరే, కూర్చో” అన్నాడు.