రైటర్ బల్ల పక్కన ఎనిమిది నెలలు

"స్టేషన్ మెట్లెక్కే పని లేకుండా పెంచితే, ఇప్పుడు పీహెచ్‌డీ పేరుతో నువ్వే వెళ్లి ఎక్కుతానంటావా?" అన్నారు నాన్న, నా టాపిక్ విని. జనం తెచ్చిన ఫిర్యాదు ఎఫ్ఐఆర్ అయ్యేలోపు ఏం జరుగుతుందన్నదే ఆ టాపిక్. నాది సోషియాలజీ. యూజీసీ నెట్ పరీక్షలో క్రిమినాలజీకి వేరే పేపరుంది గానీ, ఆ సబ్జెక్టుకి విడిగా డిపార్ట్‌మెంట్ ఉన్న యూనివర్సిటీలు దేశంలోనే తక్కువ.

మొదటి ఏడాదంతా జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలతోనే సరిపోయింది. ఒకే ఎఫ్ఐఆర్‌లో హత్యా దొంగతనమూ రెండూ ఉంటే పెద్ద నేరం కింద ఒక్కసారే లెక్క, అంటే దొంగతనం ఆ పట్టికలో కనబడదు. ఇక కేసే కట్టకపోతే ఏ పట్టికలోనూ ఉండదు. ఒక జిల్లాలో అంకె పెరిగిందంటే నేరాలు పెరిగినట్టా, కేసులు సరిగ్గా కడుతున్నట్టా? ఇది స్టేషన్‌లో కూర్చుంటే తప్ప తేలదు.

కూర్చోనివ్వడమే కష్టం. ఎస్పీ ఆఫీసుకి లెటర్ పట్టుకెళ్తే "టపాలో ఇచ్చి వెళ్లండి" అన్నారు. నాలుగు నెలలు చడీచప్పుడు లేదు. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి ఆర్టీఐ వేశాను. మూడేళ్లలో వచ్చిన ఫిర్యాదులెన్ని, కేసులైనవెన్ని అని. ఆ చట్టంలోని సెక్షన్ 7(9) చూపించి, లెక్క తీయాలంటే సిబ్బంది పనులు ఆగిపోతాయని జవాబు. తప్పు నాదే. ఉన్న రిజిస్టర్ కాపీలు అడగాల్సింది పోయి కొత్త లెక్క తయారుచేసి ఇమ్మన్నాను.

గెస్ట్ లెక్చర్‌కి వచ్చిన ఒక రిటైర్డ్ డీఎస్పీగారు నా లెటర్ చదివి నవ్వారు. "పనితీరు పరిశీలన అని రాస్తే ఎవరిస్తారమ్మా? పనిభారం అను." మార్చి ఇచ్చాను. పది రోజుల్లో పర్మిషన్! పనిభారం మీద ఒక చాప్టర్ ముందునుంచే ఉంది కాబట్టి అబద్ధం కాదు. అయినా ఆ మాట మార్చడం ఇప్పటికీ గుచ్చుతూనే ఉంటుంది.

2022లో ఎనిమిది నెలలు, స్టేషన్‌లో రాతపని చూసే పోలీసు, అంటే రైటర్, బల్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ఎథిక్స్ కమిటీ ఇచ్చిన అంగీకార పత్రం చూస్తేనే జనం భయపడేవాళ్లు. "దీనిమీద సంతకం పెడితే నా మీద కేసైతదా బిడ్డా?" అంది ఒక పెద్దామె. మళ్లీ కమిటీకి వెళ్లి, నోటిమాటగా ఒప్పుకుంటే చాలని అనుమతి తెచ్చుకున్నాను.

ఓ సోమవారం డిగ్రీ చదివే కుర్రాడొకడు వచ్చాడు. బస్సెక్కేటప్పుడు జేబులో ఫోను కొట్టేశారట. తెల్లకాగితం మీద 'దొంగిలించారు' అని రాసుకొచ్చాడు. రైటర్‌గారు చదివి, కాగితం వెనక్కి జరిపి, "తీసేటప్పుడు చూశావా? చూడలేదుగా. పోయింది అని రాయి, బాబూ" అన్నారు. కుర్రాడు ఆ ముక్క కొట్టేసి పైన 'పోయింది' అని రాశాడు. జీడీలో, అంటే స్టేషన్ రోజువారీ డైరీలో, ఎంట్రీ పడింది, సిమ్ కోసం రసీదు చేతికొచ్చింది, దండం పెట్టి వెళ్లిపోయాడు. దొంగతనం జరిగిందీ లేనిదీ ఒక్క మాటలో తేలిపోయింది. నా థీసిస్‌కి గుండెకాయ ఆ కొట్టివేతే.

లలితకుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది కదా, కాగ్నిజబుల్ నేరమైతే, అంటే వారెంట్ లేకుండానే పోలీసులు అరెస్టు చేయగలిగేదైతే, ఎఫ్ఐఆర్ కట్టితీరాలని? టీ తాగుతూ రైటర్‌గారిని అడిగాను. ఆయన కోప్పడలేదు. "తెలుసమ్మా. నెలనెలా క్రైమ్ మీటింగ్‌లో పెండింగ్ యూఐ కేసులు, అదే దర్యాప్తు తేలనివి, ఎన్ని అని నిలబెట్టి అడుగుతారు. ఇలాంటి ఫోన్ కేసులన్నీ కడితే మా ఎస్సైగారు అక్కడ ఏం చెప్పాలి?" నేను ఆయన్ని దుర్మార్గుడిగా రాయలేకపోయాను. అలా రాయమన్నట్టే మాట్లాడిన సీనియర్లున్నారు.

థీసిస్ ఇవ్వబోతుండగా 2024 జులై 1న కొత్త చట్టాలొచ్చాయి. ఎఫ్ఐఆర్ గురించి చెప్పే సీఆర్‌పీసీ 154 కాస్తా బీఎన్ఎస్ఎస్ 173, దొంగతనానికి శిక్ష చెప్పే ఐపీసీ 379 కాస్తా బీఎన్ఎస్ 303. ఫీల్డ్‌వర్క్ పాత చట్టం కాలానిది కాబట్టి పాత నంబర్లే ఉంచి, పేజీపేజీకీ ఫుట్‌నోట్ పెట్టుకుంటూ పోయాను. పిచ్చెక్కింది.

ఇప్పుడు గెస్ట్ ఫ్యాకల్టీని, జీతం గంటల లెక్క. కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనూ పంపొచ్చు. మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. అలా వచ్చినవాళ్లతో ఏ మాట కొట్టించి ఏ మాట రాయిస్తున్నారో చూడాలని ఉంది. లెటర్ టపాలో ఇచ్చి వారమైంది.